చింతపండుతో తోమిన నంబరు

బళ్లారి వెళ్లొచ్చానని చెప్తే అందరూ హంపీ ఎలా ఉందని అడుగుతున్నారు. హంపీ చూడలేదు. బళ్లారి కోటను కూడా జీపు కిటికీలోంచే చూశాను. నాలుగు రోజులూ ఒక డబ్బా మీద ఉండాల్సిన రెండు అంకెల కోసం కాలుగాలిన పిల్లిలా ఊళ్లు పట్టుకు తిరిగాను. అటువైపు వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. శిల్పాల గురించి చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. అణు పదార్థాలు దేశంలోకి రావాలన్నా, దేశం దాటాలన్నా అనుమతులిచ్చే ప్రభుత్వ కార్యాలయంలో, ముంబైలో, పనిచేస్తాను. అణు పదార్థం అనగానే మా మండపేట చుట్టాలు బాంబు అనుకుంటారు. అంత పెద్ద వ్యవహారం కాదు. ఇనుప ఖనిజం కడిగే ఫ్యాక్టరీల్లో గొట్టం లోపల బురద ఎంత చిక్కగా పోతోందో కొలవడానికి బఠానీ గింజంత సీసియం ముక్కను వాడతారు. అది పాలక్యాను అంత సీసపు డబ్బాలో ఉంటుంది. డబ్బాలో ఉన్నంతసేపు మంచిది. ఎవరైనా దొంగిలించి పగలగొడితే మాత్రం ఊరంతటికీ చేటు. అందుకే పని అయిపోయాక, అమ్మిన విదేశీ కంపెనీకే దాన్ని తిరిగి పంపించాలి. డబ్బా మీద నంబరూ కాగితం మీద నంబరూ ఒకటేనని మా ఆఫీసు సంతకం చేస్తేనే అది దేశం దాటుతుంది.

సండూరు కొండల కింద మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి ఈ ఏడాది అలాంటి దరఖాస్తు వచ్చింది. నంబరు పలక ఫోటో పంపమని అడిగాం. ఫోటో వచ్చింది. అద్దంలా మెరుస్తున్న ఇత్తడి పలక, అందులో ఫోటో తీసిన మనిషి మొహం కూడా కనిపిస్తోంది. చివరి రెండు అంకెలు మాత్రం లేవు. నన్ను వెళ్లి చూసి రమ్మన్నారు.

బళ్లారి స్టేషను బయట

రైలు దిగగానే ఆకలి. స్టేషను బయట బండి దగ్గర అందరూ ఒకటే తింటున్నారు, ఉగ్గాని, మిరపకాయ బజ్జి. మా వైపు మరమరాలంటే సాయంత్రం పొట్లంలో పోసుకుని నమిలేవి. వీళ్లు వాటిని బొరుగులంటారు, నీళ్లలో తడిపి, పిండేసి, తాలింపులో వేసి పొద్దున్నే టిఫిను చేసేస్తారు. ప్లేటు నలభై రూపాయలు. తడిసిన మరమరాలు టిఫినేమిటని మొహం చిట్లించాను గానీ, రెండో ప్లేటు కూడా తిన్నానని ఒప్పుకోవాలి. బజ్జీ కారానికి కళ్లలోంచి నీళ్లు కారాయి. బండాయన చూసి, "మజ్జిగ తాగమ్మా, బజ్జీతో పంతం పెట్టుకోవద్దు" అన్నాడు.

మాట్లాడుకున్న జీపు వచ్చింది. డ్రైవరు పేరు మహబూబ్. నేను గడియారం చూడటం, త్వరగా పదమనడం రెండుసార్లు భరించాడు. మూడోసారి వెనక్కి తిరిగి, "జల్దీ కైకు మేడం? నాలుగేండ్ల నించి ఆడ్నే ఉండాది డబ్బా. ఇప్పుడు లేచి పోతాదా?" అన్నాడు. నిజమే. కానీ నాకు కుదురు లేదు. పుట్టుకతోనే లేదని మా అమ్మ అనేది.

కొండ కింద

దోణిమలై దారిలో చెట్లూ, ఇళ్ల గోడలూ, గేదెలూ అన్నీ ఒకే రంగు, తుప్పు రంగు. ఖనిజం దుమ్ము. దారిలో కొన్న అరటిపళ్లు కూడా తుడుచుకుని తినాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎర్రిస్వామి నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, జేబుకు రేడియేషన్ బ్యాడ్జి. డబ్బాకు బాధ్యుడిగా ప్రభుత్వ కాగితాల్లో ఉన్నది ఇతని పేరే. నాలుగేళ్ల కిందట ఫ్యాక్టరీ మూతపడింది. యజమానులు బెంగుళూరు వెళ్లిపోయారు, కూలీలు తలోదిక్కూ పోయారు. ఇతను మాత్రం పోవడానికి లేదు. డబ్బా ఉన్నంతకాలం రోజూ పొద్దున రేడియేషన్ మీటరు పెట్టి చూసి రాయాలి, రాత్రి అక్కడే ఉండాలి. బదులు మనిషిని ఇవ్వండని యాజమాన్యాన్ని అడిగితే ఇదిగో అదిగో అన్నారట.

"నాలుగేండ్లయ్యె మేడం, ఒక్క రాత్రి గూడ వేరే యాడా పండుకోలే. మా చిన్నమ్మాయి పెండ్లికి పొద్దున పోయి, తాళి కట్టినంక సాయంత్రానికి వచ్చేసినా. సంబంధమోళ్లు ఈయప్పకు ఏం రోగమప్పా అనుకున్యారు."

మాట్లాడుతూనే జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించాడు. ఒడిశాలో ఒక ఖనిజం ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇదే పని, మంచి ఫ్యాక్టరీ. నెలాఖరులోగా చేరాలి. ఈ డబ్బా మీద నుంచి పేరు తీసేస్తేనే కొత్తచోట పేరు ఎక్కుతుంది. నెలాఖరు పంతొమ్మిది రోజుల్లో ఉంది. డబ్బా వెళ్లాల్సిన విమానం పది రోజుల్లో. నా సంతకం ఒక్కటే తక్కువ.

గదికి రెండు తాళాలు. లోపల చెక్కపెట్టెలో డబ్బా, దాని మెడకు పసుపుతాడు. నేను మీటరు పెట్టి చూశాను, అంతా సవ్యంగా ఉంది. వంగి పలక చూశాను. మొదటి నాలుగు అంకెలు లీలగా ఉన్నాయి. చివర నున్నగా ఉంది. వేలితో తడిమాను, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను, టార్చి అడ్డంగా పట్టుకుని చూశాను. ఏమీ లేదు.

"ఇది ఎలా అరిగింది?" అని అడిగాను.

ఎర్రిస్వామి తల దించుకున్నాడు. "ఆయుధపూజకు తోమేది మేడం. చింతపండు, ఈ ఎర్రదుమ్ము కలిపి తోమితే ఇత్తడి బంగారం మాదిరి అయితాది. శానా ఏండ్ల నించి ఉండాది ఈ పద్ధతి." పలక అంచును బొటనవేలితో తుడిచి, "ఫ్యాక్టరీ మూసినంక నేనే వారంవారం తోమినా" అన్నాడు.

"వారంవారమా? ఎందుకయ్యా?"

"పని లేదు మేడం. పొద్దున మీటరు సూస్తే అయిపాయె. ఇంగేం జేసేది? తోమినా."

నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. రెండింటిలో ఏది ముందు చూపించాలో తెలియక టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. ఫ్యాక్టరీకి మొదట్లో ఒకేరకం డబ్బాలు రెండు వచ్చాయి. చివరి అంకెలు ఒకదానికి పన్నెండు, ఇంకోదానికి ముప్పై ఏడు. ఎనిమిదేళ్ల కిందట ముప్పై ఏడును జర్మనీ పంపేశారు. మిగిలింది పన్నెండు. కాగితాలన్నీ ఆ మాటే చెబుతున్నాయి. లోపలి సీసియం ముక్క మీద కూడా నంబరు ఉంటుంది గానీ, దాన్ని విప్పడం తయారుచేసినవాళ్లకే సాధ్యం.

"పన్నెండే మేడం. ఇంగో దారి లేదు కదా" అన్నాడు ఎర్రిస్వామి.

కాగితం చెప్పిందే కాగితంలో రాయడానికైతే నేను ముంబై నుంచి రావడం దేనికి? పలక మీద అంకెలు కనబడిన రోజుల్లో దాన్ని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. రూపనగుడిలో గాదిలింగప్ప అని పాత ఆపరేటరు ఉన్నాడనీ, పూజ ఫోటోలన్నీ అతని దగ్గరే ఉన్నాయనీ చెప్పాడు.

రూపనగుడి

రెండో రోజు. ముందు రాత్రి వాన పడింది. నల్లరేగడి నేల ఎలాంటిదో పుస్తకంలో చదువుకున్నాను, కాలికి తెలియదు. గాదిలింగప్ప ఇంటి సందులో జీపు దిగి పది అడుగులు వేసేసరికి కుడికాలి చెప్పు బురదలోకి వెళ్లిపోయింది. లాగితే పట్టీ చేతికొచ్చింది, చెప్పు రాలేదు. గోదావరి జిల్లాలో పుట్టిన నాకు బురద కొత్తా? మా బురద కాలు వదులుతుంది. ఈ బురద చెప్పు తీసుకుని గానీ వదలదు. అరుగు మీద కూర్చున్న ముసలావిడ నవ్వాపుకోలేక, "ఆడ్నే ఉండనీ అక్కా, ఎండకాలం దొరుకుతాది" అంది.

గాదిలింగప్ప భార్య తన రబ్బరు చెప్పులిచ్చింది. మిగతా ప్రయాణమంతా వాటితోనే. జొన్నరొట్టె, గుత్తొంకాయ, శనక్కాయల పొడి పెట్టింది. వద్దంటే వినదు. మా వైపు అతిథికి కొసరి కొసరి వడ్డిస్తారు, వీళ్లు అడగరు. రొట్టె కంచంలో పడేసి వెళ్లిపోతారు, మనం చూసేసరికి మూడోది వచ్చి ఉంటుంది.

గాదిలింగప్ప ఇప్పుడు సొంత ట్రాక్టరు నడుపుకుంటున్నాడు. ఆల్బమ్ తెచ్చాడు. పదేళ్ల ఆయుధపూజలు. ప్రతి ఫోటోలో రెండు డబ్బాలు, మెడలో బంతిపూల దండలు. ఒక్కొక్కటే కళ్లకు దగ్గరగా పెట్టి చూశాను. మొదటి ఏడాది పలక మీద బంతిపువ్వు. రెండో ఏడాది కుంకుమ. మూడో ఏడాది మళ్లీ బంతిపువ్వు. నాలుగో ఏడాది పలక కనబడింది గానీ దాని ముందు గాదిలింగప్ప బొటనవేలు. పదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మూల ఖాళీగా లేదు. భక్తి ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

చివరి ఫోటో వేరుగా ఉంది, ఆ తర్వాత ఫోటోలు తీయలేదట. రెండు డబ్బాలూ నేల మీద పీటల పైన ఉన్నాయి. ఒకదాని ముందు కొత్త చీర, బియ్యం, కొబ్బరి.

"ఇదేమిటి?"

"ఒకటి జర్మనీకి పోయిన రోజు మేడం. మా కూలి ఆడోళ్లు ఒడిబియ్యం పోసినారు. మన ఇంట్ల ఇన్నేండ్లు కొలువు చేసి పోతాంటే, ఆడబిడ్డను పంపినట్ల పంపద్దా? రెండిట్నీ దించి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి కూసోబెట్టినాం. ఒకరు ఏడ్సినారు గూడ."

నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. "రెండిటినీ కలిపి కడిగారా? కడిగాక ఏది ఏదో ఎలా గుర్తుపట్టారు?"

గాదిలింగప్ప ఆల్బమ్ మూశాడు. "ఎడమదిక్కు గొట్టానిది ఎడమ, కుడిదిక్కుది కుడి. అట్లనే కూసోబెట్టినామనుకున్యాం. లారీ వచ్చి నిలబడి ఉండాది. రాహుకాలం వస్తాందని మా మేస్త్రి అరుస్తాండాడు. పలక మీద అంతా కుంకుమనే. ఎవరు తుడిస్తారు మేడం, అంతమంది ఏడుస్తాంటే?"

"ఎర్రిస్వామి?"

"ఆయప్ప కాగితాలు పట్టుకోని లారీ కాడ ఉండె. పెట్టె ఎక్కినంక సంతకం చేసినాడు."

నాకు ఇక ఆ అరుగు మీద కూర్చోబుద్ధి కాలేదు. లేచి అటూ ఇటూ తిరిగాను. ఎవరైనా, ఒక్కరైనా, ఆ తర్వాత పలక చూసినవాళ్లు లేరా అన్నాను. గాదిలింగప్ప ఆలోచించి, "పంపాపతయ్య సూసింటాడు" అన్నాడు. ఏటా పూజ చేసిన అయ్యవారు. ఇప్పుడు కెంచనగుడ్డలో కూతురింట్లో ఉన్నాడు.

కెంచనగుడ్డ

మూడో రోజు సిరుగుప్ప దాటాక కళ్లు చెదిరాయి. రెండు రోజులుగా ఎర్రదుమ్ము, నల్లమట్టి చూసిన కళ్లకు ఒక్కసారిగా వరిచేలు, కాలవలు. మా ఊరే వచ్చేసిందనిపించింది. కాలవ గట్టు మీద ఒక క్యాంపు. ఎప్పుడో తాతల కాలంలో గోదావరి జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఊరు. టీ కోసం ఆగితే సత్యవతిగారనే ఆవిడ నా మాట వినీ వినగానే, "ఏ ఊరండీ మీది?" అంది. మండపేట అన్నాను. అంతే, టీ కాస్తా భోజనమైంది. పప్పుచారు, వంకాయ పచ్చిపులుసు, అప్పడాలు. ఆవిడ ఎన్నడూ మండపేట చూడలేదు. అయినా మండపేట వంట చేస్తుంది. పనివాణ్ణి మాత్రం, "ఏయ్ బేగ రాప్పా, నీళ్లు యాడ పెట్టినావు?" అని కేకేసింది. ఒకే నోట్లోంచి రెండు ఊళ్లు వినబడ్డాయి. మహబూబ్ రెండోసారి వడ్డించుకుంటూ, "ఇప్పుడు జల్దీ లేదా మేడం?" అని అడిగాడు.

పంపాపతయ్య ఇల్లు తుంగభద్రకు దగ్గర్లో ఉంది. డెబ్బై దాటినవాడు, మాట మాత్రం గట్టిది. నేను వచ్చిన పని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వెళ్లి పాత పంచాంగాల కట్ట తెచ్చాడు. డబ్బా జర్మనీ వెళ్లిన ఏడాదేదో చెప్పమన్నాడు. చెప్పాను. ఉమ్మి తడి లేకుండా, జాగ్రత్తగా పేజీలు తిప్పి, మహర్నవమి ఉన్న పేజీ నా ముందు పెట్టాడు.

అంచుల్లో సన్నటి అక్షరాలు. లారీల నంబర్లు, ట్రాక్టర్లు, పిండిమర మోటార్లు, బావి పంపులు. ఎవరి పేరున ఏ యంత్రానికి సంకల్పం చెప్పాడో అన్నీ రాసుకున్నాడు. కింద మా ఫ్యాక్టరీ పేరు, దాని పక్కన ఒక నంబరు, పూర్తిగా, ఆరు అంకెలూ. చివర ముప్పై ఏడు.

"అయ్యవారూ, ఇది ఎప్పుడు రాశారు? ఒక డబ్బా వెళ్లిపోయాకనా?"

"పోయినంకనే. అంతకుముందు రెండు నంబర్లు చెప్తాంటి. చూడు." ముందటేడు పంచాంగం తీశాడు. పన్నెండు, ముప్పై ఏడు, రెండూ ఉన్నాయి. "ఆ ఏడు పోతే ఒకటే ఉండాది. ముప్పై ఏడు పోయె, పన్నెండు చెప్పు స్వామీ అనిరి. నేను కూసోని పలక తుడిచి సూస్తి. ముప్పై ఏడు ఉండాది. అదే చెప్పినా. ఆపొద్దు నించి నాలుగేండ్లు అదే చెప్పినా."

"తేడా ఉందని ఎవరికైనా చెప్పారా?"

"మేస్త్రికి చెప్తి. ఏదుంటే అదే చెప్పు స్వామీ అనె. నాకేం పని, ఫ్యాక్టరీ లెక్కలు?" పంచాంగం మూసి కట్ట కట్టుకుంటూ, "పేరు తప్పితే పూజ పక్కోనికి పోతాదమ్మా. అందుకే నేను కండ్లతో సూడంది చెప్పను" అన్నాడు.

కట్ట మళ్లీ విప్పించి పేజీ ఫోటో తీసుకున్నాను. మూడుసార్లు తీశాను.

సిరుగుప్ప బస్టాండు

పంచాంగం ఒక్కటే సాక్ష్యమంటే మా ఆఫీసు ఒప్పుకోదు. జర్మనీవాళ్లకు అందింది ఏ నంబరో తెలిస్తే తేలిపోతుంది. అందగానే వాళ్లు రసీదు పంపిస్తారు, అది మా ఆఫీసు ఫైల్లోనే ఉండాలి. సిరుగుప్ప బస్టాండులో జీపు ఆపించి ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎనిమిదేళ్ల నాటి ఫైలు వెతికి రసీదు ఫోటో పంపమన్నాను. నలభై నిమిషాలు బస్టాండు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. చెరుకురసం ఇరవై రూపాయలు, రెండు గ్లాసులు తాగాను, రుచి గుర్తులేదు.

ఫోటో వచ్చింది. రసీదులో స్పష్టంగా ఉంది, అందిన డబ్బా నంబరు, చివర పన్నెండు. మేం పంపించామని రాసింది ముప్పై ఏడు. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో, ఒకదాని వెనక ఒకటి, ఎనిమిదేళ్లుగా ఉన్నాయి.

రసీదు మీద మూలన రబ్బరుస్టాంపు. 'సరిచూడబడినది'. దాని కింద సంతకం.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఫోటోను పెద్దది చేయకముందే నాకు తెలిసిపోయింది. ఆ సంతకంలో చివరి గీత పైకి లేస్తుంది. మా నాన్న నేర్పించిన గీత అది. అప్పట్లో రసీదుల బల్ల నాది. రోజుకు ఎన్ని రసీదులు వచ్చేవో, ఎన్నింటి మీద ఆ స్టాంపు వేశానో. చూశానా? చూసి ఉంటే కనబడేది. చూడలేదు. మూడు రోజులుగా చింతపండును, బంతిపూలను, రాహుకాలాన్ని వెక్కిరిస్తూ తిరిగిన మనిషిని నేను. ఒక ముసలి అయ్యవారు కుంకుమ తుడిచి చూసిన పలకను, ఆ పనికే జీతం తీసుకునే నేను కాగితం మీద కూడా చూడలేదు.

మహబూబ్ జీపు తీశాడు. దారిలో ఒక్కసారి కూడా నేను త్వరగా పదమనలేదు.

మళ్లీ కొండ కింద

నాలుగో రోజు పొద్దున్నే ఎర్రిస్వామికి అన్నీ చెప్పాను. పంచాంగం చూపించాను, రసీదు చూపించాను. సంతకం ఎవరిదో మాత్రం చెప్పలేదు. ధైర్యం రాలేదు.

అతను చాలాసేపు ఫోటోలు చూశాడు. మెల్లగా, "అంటే ఆపొద్దు నేను తప్పు రాసిచ్చినా" అన్నాడు.

"అవును."

"ఇప్పుడు ముప్పై ఏడని రాస్తే?"

"అనుమతి పన్నెండుకు ఉంది. అది చెల్లదు. మళ్లీ మొదటి నుంచి. రెండు ప్రభుత్వాలూ కొత్తగా ఒప్పుకోవాలి. విచారణ ఉంటుంది. నాలుగైదు నెలలు పట్టొచ్చు."

జేబులోని ఒడిశా కాగితాన్ని చొక్కా పైనుంచే తడుముకున్నాడు. "పన్నెండని రాస్తే ఏమైతాది మేడం? నాకు తెలీకనే అడుగుతాండా. డబ్బా అదే కదా. పోయేది ఆడికే కదా."

ఆ ప్రశ్న రాత్రంతా నన్నూ తినేసింది. నిజంగా ఏమవుతుంది? చేరాల్సిన చోటికి చేరుతుంది. అతనికి ఉద్యోగం, నాకు పరువు. కానీ దారిలో లారీ బోల్తాపడినా, ఎవరైనా ఎత్తుకుపోయినా, మనం పన్నెండు పోయిందని చెబుతాం. జర్మనీవాళ్లు పన్నెండు మా దగ్గరే ఉంది కదా అంటారు. కాగితాల్లో ముప్పై ఏడు ఎప్పుడో దేశం దాటింది. లేని వస్తువును ఎవరూ వెతకరు. ఏ పాత ఇనుము కొట్లోనో పిల్లలు దాన్ని పగలగొట్టేదాకా ఎవరికీ తెలియదు. ఇదంతా అతనికి చెప్పాను.

"అట్ల జరుగుతాదా?"

"జరగకపోవచ్చు. ఏమీ జరగకపోవచ్చు. అక్కడ ముప్పై ఏడని రసీదు రాస్తారు, ఇక్కడ ఎవరో ఒకరు చూడకుండా స్టాంపు కొట్టి ఫైల్లో పెడతారు."

"అంత ఖండితంగా ఎట్ల చెప్తారు?"

"పోయినసారి అలా పెట్టింది నేనే కాబట్టి."

ఎర్రిస్వామి నా వైపు చూశాడు. అతనికి కోపం రావడం అప్పుడే మొదటిసారి చూశాను. "మీరా? ఆపొద్దు మీరు సూసింటే, వారంలోనే తెలిసిపోతాండె కదా మేడం. పలక అప్పుడు బాగనే ఉండె. తప్పు దిద్దుకుంటాంటిమి. ఈ పొద్దు నేను ఒడిశాలో ఉందును!" గొంతు పైకి లేచింది. బయట మహబూబ్ జీపు తలుపు తీసిన చప్పుడైంది. "నేను కుంకుమ తుడవలే, తప్పే. కాగితాలు తెలీనోళ్ల మధ్య ఉంటి, ఏడుస్తాంటే సూస్తాంటి. మీకేముండె అడ్డం?"

క్షమించమన్నాను. ఆ మాట ఆ గదిలో చాలా చిన్నగా వినబడింది.

అతను బయటికి వెళ్లి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. తిరిగొచ్చి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, "రాయండి" అన్నాడు. "మీ పేరు గూడ రాయండి."

ముందు నా పేరే రాశాను. ఎనిమిదేళ్ల కిందటి రసీదు సరిచూడకుండా సరిచూశానని సంతకం చేసింది నేనని మొదటి వాక్యం. రెండోది అతని తప్పు. మూడోది పంచాంగం. చివర, ఇక్కడున్నది ముప్పై ఏడు. అతను ప్రతి పంక్తీ వేలు పెట్టి చదివి, సాక్షిగా సంతకం చేశాడు. విమానం రద్దు చేయమని నేను ఫోన్ చేస్తుంటే పక్కనే నిలబడి విన్నాడు. నన్ను గేటు దాకా సాగనంపలేదు. పొద్దుటి మీటరు ఇంకా చూడలేదని లోపలికి వెళ్లిపోయాడు.

ముంబై

విచారణ ఇద్దరి మీదా జరిగింది. నా సర్వీసు పుస్తకంలో మందలింపు చేరింది, అనుమతుల పని నుంచి నన్ను మార్చారు. అతని అర్హతను ఆరు నెలలు ఆపి, ఆ ఆరు నెలలూ ఈ డబ్బాను చూసుకోవడానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఒడిశా ఉద్యోగంలో వేరొకరు చేరారు. కొత్త అనుమతి వచ్చేసరికి అయిదు నెలలు దాటింది. డబ్బా బయలుదేరిన రోజున రాహుకాలం చూశారో లేదో తెలియదు గానీ, పూజ మాత్రం చేయనివ్వలేదట.

గత మంగళవారం రసీదు వచ్చింది. అది చూడటం ఇప్పుడు నా పని కాదు. రసీదుల బల్ల దగ్గరున్న అమ్మాయిని అడిగి తీసుకున్నాను. నిలబడి చదివాను, కూర్చుని చదివాను. పక్కన అనుమతి కాగితం పెట్టుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టాను. ఆరు అంకెలు. తర్వాత ఎర్రిస్వామికి ఫోన్ చేశాను. ఆ నాలుగో రోజు తర్వాత మేం మాట్లాడుకోవడం అదే మొదలు.

"ముప్పై ఏడు చేరింది ఎర్రిస్వామీ" అన్నాను.

"సూసినామని స్టాంపు కొట్టింటారు. అది కాదు మేడం నేను అడిగేది. మీరు కండ్లతో సూసినారా?"

"చూశాను. రెండుసార్లు చూశాను."

"అట్లయితే సరే" అన్నాడు. లోపలెక్కడో తాళాలు తీస్తున్న చప్పుడు వినబడింది. "చేరిందని తెలిసేదాంక ఈ గది ఇడిసి పోగూడదనుకుంటి. ఇంగ ఈడ పని లేదు కదా. మా చిన్నమ్మాయి వాళ్ల ఊరికి పోతాండా. ఈ పొద్దు రాత్రి ఆడ్నే పండుకుంటా."